పాటల పడవ... పగడాల దీవి

పొద్దున తొమ్మిదిన్నరకు ఎక్కి సాయంత్రం నాలుగింటికి దిగే పడవ. అందులోనే ఆటపాటలు, అందులోనే భోజనం, అందులోంచే సముద్రంలోకి దిగి చేపల్ని చూడటం. మారిషస్ వెళ్లొచ్చామని చెబితే చాలు, 'కాటమరాన్ ఎక్కారా?' అని అడుగుతారు అందరూ. ఎక్కితే ఎలా ఉంటుంది? ఈతరాని నాన్న, ఎనిమిదేళ్ల కూతురు, అరవై నాలుగేళ్ల నానమ్మ కలిసి చేసిన ఒకరోజు ప్రయాణం ఇది.

"తాగి గంతులేసే పడవట కదరా, అందులో నాకేం పని?" అంది అమ్మ.

మారిషస్ చేరిన రెండోరోజు రాత్రి అది. మర్నాటికి పడవ టికెట్లు తీసుకున్నానని చెప్పగానే వచ్చిన మాట. "మీరు ముగ్గురూ వెళ్లి రండి. నేనిక్కడే కూచుని సముద్రం చూసుకుంటా" అని తేల్చేసింది. మా అమ్మాయి ఊరుకుంటేనా! నానమ్మ రాకపోతే నేనూ రానంటూ మంచమెక్కి మూతి ముడుచుకుంది. చివరికి మనవరాలే గెలిచింది. మర్నాడు ఎనిమిదిన్నరకల్లా నలుగురం వ్యాన్‌లో ఉన్నాం. అమ్మ చేతిసంచీలో చీర, తువ్వాలు, పులిహోర డబ్బా, అల్లం మురబ్బా.

నిజానికి అమ్మ అన్నదాంట్లో తప్పేం లేదు. ఈ పడవల ప్రకటనల్లో కనిపించేదంతా అదే. చేతుల్లో గ్లాసులు, మెడలో పూలదండలు, వెనకాల నీలి సముద్రం. కానీ ఆ ఫొటోలో ఉండేది రోజులో సగమే. మిగతా సగం గురించి ఎవరూ చెప్పరు. అందుకే కొన్ని కుటుంబాలు భయపడి మానేస్తాయి. కొన్ని ఏమీ తెలుసుకోకుండా ఎక్కి ఇబ్బంది పడతాయి. మేం రెండో రకం!

మూడు వైపులా మూడు యాత్రలు

మారిషస్ దీవి చుట్టూ దాదాపు అంతటా పగడపు దిబ్బలు గోడ కట్టినట్టు ఉంటాయి. బయటి అలలు ఆ గోడకు తగిలి విరిగిపోతాయి. గోడకూ ఒడ్డుకూ మధ్య మిగిలిన లోతు తక్కువ నీళ్లే లగూన్. మన చెరువులా నిలకడగా, లేత ఆకుపచ్చగా ఉంటుంది.

తూర్పున ట్రూ డో డూస్ అనే ఊరి నుంచి ఇల్ ఓ సెర్ఫ్ దీవికి పడవలు వెళ్తాయి. జింకల దీవి అని దాని అర్థం. ఈ ప్రయాణం చాలావరకు లగూన్‌లోనే సాగుతుంది. దారిలో ఓ చిన్న జలపాతం కూడా చూపిస్తారు. చిన్నపిల్లలూ పెద్దవాళ్లూ ఉన్నవాళ్లకు ఇదే సుఖం. పడమటి తీరంలో టామరిన్ వైపు డాల్ఫిన్లు కనిపిస్తాయి. అందుకే అక్కడి పడవలు తెల్లవారుజామునే బయల్దేరతాయి. మూడోది ఉత్తరాన గ్రాండ్ బే నుంచి గాబ్రియల్ దీవికి వెళ్లేది. ఇది లగూన్ దాటి అసలు సముద్రంలోకి వెళ్తుంది.

మేం ఎంచుకున్నది మూడోదే. ఎందుకంటే ఫొటోలో అక్కడి ఇసుక అన్నిటికంటే తెల్లగా ఉంది. ఇంత బాధ్యత గల ఇంటి పెద్దను నేను!

రెండు డొక్కుల పడవ

కాటమరాన్ అంటే పక్కపక్కన రెండు సన్నటి డొక్కులు పెట్టి, వాటిమీద వేదిక కట్టిన తెరచాప పడవ. ఇంగ్లిషువాళ్లు ఆ మాటను మన పక్కింటి తమిళంలోని 'కట్టుమరం' నుంచే తీసుకున్నారు. దుంగల్ని కట్టి చేసిన తెప్ప అని అర్థం. రెండు కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డ మనిషిలా ఉంటుంది కాబట్టి మామూలు పడవలా పక్కలకు ఒరిగిపోదు.

ఎక్కగానే చెప్పులన్నీ ఓ బుట్టలో వేయించారు. గుడికొచ్చినట్టుందే అని అమ్మ ముఖం కొంచెం విప్పారింది. పడవలో దాదాపు ముప్ఫైమందిమి. ఫ్రాన్స్ నుంచి వచ్చిన వృద్ధ దంపతులు, దక్షిణాఫ్రికా కుర్రాళ్ల గుంపు, గుజరాత్ నుంచి రెండు కుటుంబాలు, కొత్తగా పెళ్లయిన జంటలు నాలుగు. ముందు భాగంలో రెండు డొక్కుల మధ్య బలమైన వల బిగించి ఉంటుంది. దానిమీద పడుకుంటే కింద నీళ్లు పరుగెత్తడం కనిపిస్తుంది. కొత్త జంటలు ముందే ఆ చోటు పట్టేశాయి. అక్కడ నీళ్లు బాగా చిమ్ముతాయి కాబట్టి పెద్దవాళ్లకు పనికిరాదు. వెనక భాగంలో నీడా ఉంటుంది, ఊగుడూ తక్కువ. అమ్మను అక్కడ కూచోబెట్టాం.

కెప్టెన్ అయిదు నిమిషాలు మాట్లాడాడు. లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయి, మరుగుదొడ్డి ఎలా వాడాలి, నడుస్తున్న పడవలో ఒక చెయ్యి ఎప్పుడూ పట్టుకొమ్మీదే ఉండాలి... ఇవన్నీ. ఆ సమయానికే ఫొటోలు దిగుతున్నవాళ్లు సగం మంది. దయచేసి ఆ అయిదు నిమిషాలూ వినండి. మిగిలిన ఆరు గంటలూ హాయిగా గడవడం ఆ మాటలమీదే ఆధారపడి ఉంటుంది.

గోడ దాటాక...

గ్రాండ్ బే నుంచి బయల్దేరిన అరగంట దాకా ఏ బాధా లేదు. పైన హిందీ పాటలు, చేతిలో పళ్లరసం. పగడపు గోడ దాటగానే సంగతి మారింది. పడవ ముందుభాగం లేస్తోంది, పడుతోంది. పాటలు ఆగలేదు కానీ పాడేవాళ్లు ఆగిపోయారు. అంతదాకా గంతులేసిన దక్షిణాఫ్రికా కుర్రాళ్లలో ఇద్దరు కమ్మీ పట్టుకుని వంగిపోయారు. మా ఆవిడ కళ్లు మూసుకుని నా భుజం మీద వాలింది.

"కళ్లు తెరిచి దూరంగా చూడమ్మా. పడవలోకి చూడకు" అంది అమ్మ. అల్లం మురబ్బా తీసి చేతిలో పెట్టింది. తర్వాత సిబ్బంది చెప్పిందీ అదే. కదలని గీతలా కనిపించే సముద్రపు అంచును చూస్తే తల తిరగడం తగ్గుతుంది. ఫోన్ చూస్తే, లోపలి గదిలోకి వెళ్లి పడుకుంటే పెరుగుతుంది. ప్రయాణం పడనివాళ్లు డాక్టర్ని అడిగి బయల్దేరే ముందే మాత్ర వేసుకోవాలి. మొదలయ్యాక వేసుకుంటే ఉపయోగం అంతంతమాత్రమే. ఖాళీ కడుపుతోనూ, పూర్తిగా నింపుకునీ ఎక్కకూడదు. అమ్మకు మాత్రం ఏమీ కాలేదు. తాళ్లరేవు పిల్ల. చిన్నప్పుడు గోదావరి పాయల్లో పడవల మీద తిరిగిన మనిషి.

ఎదురుగా సముద్రంలోంచి నిట్టనిలువుగా లేచిన కొండ కనిపించింది. కువాన్ ద మీర్. పాత రోజుల్లో ఫిరంగిని గురి పెట్టడానికి దాని కిందకు తోసే ఆపుచెక్కలా ఉంటుందని ఆ పేరు. పడవ దాని గోడల పక్కనుంచే వెళ్తుంది. తెల్లటి పక్షులు, ఈనెపుల్లలాంటి పొడవాటి తోకలతో ఆ రాతి బొరియల చుట్టూ తిరుగుతున్నాయి. పాయ్-ఆన్-క్యూ అంటారు వాటిని. ఎయిర్ మారిషస్ విమానం తోకమీద ఉండేది ఆ పక్షి బొమ్మే. మా అమ్మాయి గుర్తుపట్టి చప్పట్లు కొట్టింది.

మీసం తెచ్చిన తంటా!

గాబ్రియల్ దీవి పక్కనే ఫ్లాట్ ఐలండ్ ఉంది. రెంటి మధ్యనున్న ప్రశాంతమైన నీళ్లలో లంగరు వేశారు. కింద ఇసుక కనిపిస్తోంది. ఇక స్నార్కెలింగ్.

దీనికి ఈత రావాల్సిన పని లేదంటారు. సగం నిజం. కళ్లనూ ముక్కునూ కప్పే అద్దాల మాస్కు, నోట్లో పెట్టుకునే వంపు గొట్టం, కాళ్లకు బాతుపాదాల్లాంటి తొడుగులు ఇస్తారు. లైఫ్ జాకెట్ వేసుకుని నీళ్లమీద బోర్లా తేలితే చాలు. ముఖం నీళ్లలో, గొట్టం కొస గాలిలో. కష్టమంతా ఒక్కటే. ముక్కుతో గాలి పీల్చడం మానేసి నోటితో పీల్చాలి. ముప్ఫై అయిదేళ్ల అలవాటును ఒక్క నిమిషంలో వదలమంటే వదులుతుందా?

మా అమ్మాయి వదిలేసింది. పిల్లల సైజు మాస్కు పెట్టుకుని, పడవ మెట్టుమీద కూచుని నాలుగుసార్లు ఊపిరి సాధన చేసి, వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని దిగిపోయింది. నేను నీళ్లలోకి దిగి ముఖం ముంచానో లేదో, మాస్కు పైపెదవి దగ్గర్నుంచి నీళ్లు లోపలికి వచ్చేశాయి. ముక్కులోకి ఉప్పునీళ్లు. కంగారులో తల ఎత్తబోయి గొట్టం కొసను ముంచేశాను. గుటకెడు సముద్రం లోపలికి. లైఫ్ జాకెట్ తేలుస్తూనే ఉంది. కానీ ఆ క్షణంలో అది ఎవరికి గుర్తుంటుంది? చేతులు కాళ్లు కొట్టడం మొదలుపెట్టాను.

పడవ మీంచి అమ్మ కేక వినిపించింది. "ఒరేయ్! ఎవరైనా పట్టుకోండయ్యా!"

ఎవరో వెనక నుంచి నా జాకెట్ పట్టుకుని పైకి తిప్పారు. సిబ్బందిలో ఓ యాభయ్యేళ్ల మనిషి. నన్ను గాలి నింపిన రింగుకు ఆనించి, పడవవైపు తలెత్తి ఒక మాటన్నాడు.

"భయం లేదు అమ్మా."

అచ్చంగా అలాగే. తెలుగులోనే! నేను దగ్గు మర్చిపోయి అతన్నే చూస్తుండిపోయాను.

తప్పెవరిదో అతనే చెప్పాడు. నా మీసానిది. మాస్కు రబ్బరు అంచు చర్మానికి అతుక్కోవాలి, మధ్యలో వెంట్రుకలుంటే సందు మిగిలి నీళ్లు వస్తాయి. మీసం మీద వాజెలిన్ దట్టంగా రాసి, మాస్కు లోపల ఉమ్మి రుద్దించి కడిగించాడు. అలా చేస్తే అద్దం మసకబారదట. మాస్కు సరిపోయిందో లేదో చూసుకునే పద్ధతి కూడా తేలికే. పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి లోపలికి లాగితే అదే అంటుకుని నిలబడాలి. పడిపోతే వేరేది అడగాలి.

రెండోసారి రింగు పట్టుకుని తేలాను. అతను ముందు ఈదుతూ రింగును లాగాడు.

నీళ్ల కింద ఊరు

అప్పుడు కనిపించింది. పసుపుమీద నల్లచారల చేపలు గుంపులుగా, బడి వదిలిన పిల్లల్లా. పచ్చా నీలం కలిసిన చిలకచేప ఒకటి పగడాన్ని కొరుకుతోంది. చెవులు నీళ్లలో ఉన్నాయి కదా, ఆ కొరికే చప్పుడు పటపటమని వినిపిస్తోంది. ఆ చేప కొరికి మింగిన పగడపు సున్నమే పొడై బయటికొచ్చి ఇసుకవుతుంది. ఫొటోలో నన్ను మోసం చేసిన తెల్ల ఇసుకలో ఈ చేపల వాటా చాలానే ఉంది!

పగడం రాయి కాదు, మొక్క కాదు. చిన్న చిన్న జీవుల కాలనీ. వాటి ఒంట్లో ఉండే సూక్ష్మమైన నాచే వాటికి తిండీ, రంగూ ఇస్తుంది. నీళ్లు మితిమీరి వేడెక్కితే ఆ నాచు బయటికి పోయి పగడం తెల్లగా పాలిపోతుంది. 1998లో, 2016లో, మళ్లీ 2024లో ప్రపంచంలోని చాలా సముద్రాల్లో జరిగింది అదే. మారిషస్‌కూ ఆ దెబ్బ తగిలింది. దానికితోడు 2020 జులైలో వాకాషియో అనే సరుకుల ఓడ ఆగ్నేయ తీరంలో పగడపు దిబ్బ ఎక్కి, ఆగస్టులో పగిలి వెయ్యి టన్నుల దాకా చమురు లగూన్‌లోకి కారింది. ఊళ్లవాళ్లు చెరుకు ఆకులు గుడ్డసంచుల్లో కుక్కి, తెట్టు కట్టి దాన్ని ఆపడానికి ప్రయత్నించారు. మేం చూసిన చోటు దానికి చాలా దూరం. అయినా రంగురంగుల పగడాల మధ్య ఎముకల్లా తెల్లబోయిన కొమ్మలు చాలానే కనిపించాయి. సినిమాలో చూపించే పగడాల తోటను ఊహించుకుని వెళ్తే కొంచెం నిరాశ తప్పదు.

అందుకే కొన్ని జాగ్రత్తలు మనవంతు. పగడం మీద నిలబడకూడదు. ముట్టుకోకూడదు. ఏళ్ల తరబడి పెరిగింది ఒక్క అడుగుతో విరుగుతుంది. పైగా మనకూ కోసుకుంటుంది. చేపలకు రొట్టెముక్కలు వేయకూడదు. సన్‌స్క్రీన్ దట్టంగా రాసి దిగే బదులు పొడుగు చేతుల చొక్కా వేసుకుంటే వీపూ కాలదు, నీళ్లలో రసాయనాలూ కలవవు. బోర్లా తేలుతుంటే ఎండ తెలియదు. రాత్రికి తెలుస్తుంది!

మద్యం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఈ పడవల్లో బీరు, రమ్ము టికెట్‌లోనే కలిసి ఉంటాయి. పొద్దున్నే మొదలుపెట్టినవాళ్లు ఉన్నారు. నీళ్లలోకి దిగేముందు చుక్క కూడా ముట్టకపోవడమే మంచిది. పూర్తి తెలివిలో ఉన్న నేనే ఒక్క గుటకకు అంత కంగారుపడ్డాను.

పొగలో భోజనం

పన్నెండున్నరకు పడవ వెనకభాగంలో బొగ్గులమీద కోడి, చేప, సాసేజిలు కాల్చారు. అన్నం, సలాడ్, రొట్టె, పండ్లు కూడా ఉన్నాయి. శాకాహారులమని టికెట్ తీసుకునేటప్పుడే చెప్పినా, వాళ్ల కూరగాయలు కాలింది కూడా ఆ ఇనపచువ్వల మీదే. గుజరాతీ కుటుంబాల దగ్గర థేప్లాలు, మా దగ్గర పులిహోర బయటికొచ్చాయి. పట్టింపు ఉన్నవాళ్లు ఇంత తిండి వెంట తీసుకెళ్లడం మేలు.

అమ్మ పులిహోర మూతలో పెట్టి ఆ పెద్దమనిషికి ఇచ్చింది. "తిను నాయనా. నా కొడుకును ఒడ్డున పడేశావు."

అతను పక్కన కూచుని తిన్నాడు. తనకు తెలుగు కొంచెమే వచ్చన్నాడు. బడిలో నేర్చుకున్నది కొంత, నాయనమ్మ దగ్గర విన్నది కొంత. ఇంట్లో క్రియోల్. ఉగాది ఆ దేశంలో సెలవురోజు. ఏటా సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు, రామభజన చేస్తారు. అక్కడి తెలుగువాళ్లను ఒకప్పుడు 'కోరంగీలు' అనేవారు. కోరంగి రేవులో ఓడెక్కి వచ్చారు కాబట్టి.

అమ్మ చెయ్యి ఆగిపోయింది. "కోరంగా! మా తాళ్లరేవు పక్కనే కదయ్యా!"

కాకినాడ దగ్గర ఇప్పుడు మడ అడవులు చూడటానికి వెళ్తామే, ఆ కోరంగే. ఒకప్పుడు పెద్ద ఓడలు కట్టిన రేవు. 1834 నుంచి దాదాపు తొంభయ్యేళ్లలో సుమారు అయిదు లక్షలమంది భారతీయులు ఒప్పంద కూలీలుగా మారిషస్ చెరుకు తోటలకు వచ్చారు. వాళ్లలో మన గోదావరి, ఉత్తరాంధ్ర జిల్లాలవాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్లు దిగిన ఆప్రవాసీ ఘాట్‌ను ముందురోజే రాజధాని పోర్ట్ లూయీలో చూసొచ్చాం. అక్కడి పదహారు రాతిమెట్లు ఎక్కి మా అమ్మాయి లెక్కపెట్టింది కూడా.

"అందరూ ఆ మెట్లు ఎక్కలేదు" అన్నాడతను. ఎదురుగా ఉన్న తెల్ల ఇసుకవైపు చూపించాడు.

ఇసుక చెప్పని కథ

1856 మొదట్లో కలకత్తా నుంచి రెండు ఓడలు కూలీలతో వచ్చాయి. ఓడల్లో కలరా ఉందని వాళ్లను రేవులోకి రానివ్వలేదు. తెచ్చి గాబ్రియల్ దీవి మీద దించారు. తలదాచుకునే చోటు సరిగా లేదు, తాగే నీళ్లకు కటకట. రోగంతో, ఎండావానలతో రెండువందల మందికి పైగా చనిపోయారు. ఆ వార్త చేరాక భారతదేశంలోని ప్రభుత్వం మారిషస్‌కు కూలీలను పంపడం కొంతకాలం ఆపేసింది. పక్కనున్న ఫ్లాట్ ఐలండ్‌లో ఆనాటి క్వారంటైన్ కట్టడాల శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి. పొద్దున కెప్టెన్ చెప్పిన అయిదు నిమిషాల్లో ఈ ముక్క లేదు.

అంతదాకా ఒడ్డుకు రానన్న అమ్మ లేచి నిలబడింది. చిన్న రబ్బరు పడవలో ఆరుగురు ఆరుగురుగా దించుతున్నారు. మోకాలిలోతు నీళ్లలో దిగాలి. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, అతని చెయ్యి ఆసరాగా దిగింది.

దీవి మీద ఎటు చూసినా సందడే. వాలీబాల్ ఆడేవాళ్లు, ఫొటోలు దిగేవాళ్లు, పడవల నుంచి పాటలు. అమ్మ కొంచెం దూరం నడిచి, నీళ్లు దోసిట్లోకి తీసుకుని మూడుసార్లు వదిలింది. అవి మన కోరంగి ఓడలు కావమ్మా, కలకత్తా నుంచి వచ్చినవి అన్నాను.

"ఎక్కడివైతే ఏంట్రా. రేవులో నిలబడి చూసిన అమ్మలు వాళ్లకీ ఉంటారుగా" అంది.

ఇక్కడికే రోజూ వచ్చి పాటలు పెట్టడం మీకు కష్టంగా ఉండదా అని అతన్ని అడిగాను. కాసేపు ఆలోచించాడు. "దిగగానే ఒకసారి ఇసుక ముట్టుకుంటాను. తర్వాత నా పని నేను చేస్తాను" అన్నాడు. "నా పిల్లల్ని చదివించింది ఈ పడవే."

మా అమ్మాయి గుప్పిట్లో రెండు గవ్వలున్నాయి. అక్కడ గవ్వలు, పగడాలు ఏరుకెళ్లడం నిషేధం. ఆ మాట చెప్పేలోపే నానమ్మ వాటిని తీసుకుని, ఇసుకలో యథాస్థానంలో పెట్టించింది.

రవాన్ మోగింది

తిరుగు ప్రయాణంలో గాలి వెనకనుంచి వీచింది. ఇంజన్ ఆపి తెరచాప ఎత్తారు. సిబ్బందిలో ఒకరు మేకతోలుతో చేసిన పెద్ద గుండ్రటి డప్పు తీశారు. దాని పేరు రవాన్. మన డప్పులాగే దాన్నీ మంట సెగ చూపించి బిగువు చేస్తారు. దానిమీద పాడేది సెగా. ఆఫ్రికా నుంచి, మడగాస్కర్ నుంచి బానిసలుగా తెచ్చినవాళ్లు తోటల్లో పుట్టించుకున్న పాట. 2014లో యునెస్కో దీన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. పాదాలు నేలమీంచి ఎత్తకుండా, జారుస్తూ, నడుము ఊపుతూ ఆడతారు.

దక్షిణాఫ్రికా కుర్రాళ్లు, ఫ్రెంచి ముసలాయన, గుజరాతీ అత్తాకోడళ్లు, మా ఆవిడ, మా అమ్మాయి... అందరూ లేచారు. కొందరి చేతుల్లో గ్లాసులున్నాయి. తూలినవాళ్లూ ఉన్నారు. పొద్దున చూసిన ప్రకటనలోని ఫొటో ఇదే. కానీ ఇప్పుడు అది వేరేగా కనిపించింది. ఈ పాట కట్టినవాళ్లూ, ఆ ఇసుకలో మిగిలిపోయినవాళ్లూ ఇష్టపడి ఈ సముద్రం దాటినవాళ్లు కాదు.

"తాగి గంతులేసే పడవే కదమ్మా" అన్నాను అమ్మ పక్కన కూచుంటూ.

"అవును. గంతులేయనీ" అంది. చూపు వెనక్కి, చిన్నదవుతున్న దీవి మీదే ఉంది. వేళ్లు మాత్రం పులిహోర డబ్బా మూతమీద రవాన్ దరువు వేస్తున్నాయి.

వెళ్లాలనుకుంటే...

ఎలా: ముంబయి నుంచి మారిషస్‌కు విమానంలో ఆరు గంటలకు పైగా పడుతుంది. భారతీయ పర్యాటకులకు ముందస్తు వీసా అక్కర్లేదు. అక్కడి గడియారం మనకంటే గంటన్నర వెనక ఉంటుంది.

ఎప్పుడు: జనవరి నుంచి మార్చి దాకా తుపాన్ల భయం. జులై, ఆగస్టుల్లో చలిగాలులకు ఉత్తరాన సముద్రం ఎగిసిపడుతుంది. సెప్టెంబరు నుంచి డిసెంబరు మొదటివారాల దాకా అనుకూలం.

వెంట ఏం ఉండాలి: పొడుగు చేతుల చొక్కా, టోపీ, తువ్వాలు, మార్చుకునే బట్టలు, నీళ్లలో వేసుకునే చెప్పులు. ఇసుకా రాళ్ల మధ్య సముద్రపు ముళ్లకాయలుంటాయి. ఫోన్‌కు నీళ్లు దూరని కవరు. మీసమున్నవాళ్లు వాజెలిన్ మర్చిపోవద్దు!

ముందే అడగాల్సినవి: పిల్లల సైజు లైఫ్ జాకెట్లు, మాస్కులు ఉన్నాయా? నీళ్లలో తోడుగా సిబ్బంది దిగుతారా? శాకాహారం విడిగా వండుతారా? గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడిగాకే బయల్దేరాలి. ఈతరానివాళ్లు ఆ సంగతి దాచకుండా ఎక్కగానే చెప్పాలి. చెప్పి ఉంటే నాకు ఆ గుటకెడు సముద్రం తప్పేది.